దిమ్మిస పట్టిన పెద్దమ్మ

మిరుగం కార్తె దాటినా చినుకు లేదు. పడమటి గాలి దుమ్ము తెచ్చి మొహాన కొడుతోంది. శుక్రవారం పొద్దంతా చేనులో జొన్నమొద్దులు ఏరి కుప్ప పోశాం. పొద్దు గూకాక కుప్పకు నిప్పు పెట్టబోతుంటే, మా పక్కింటి పెద్దమ్మ పోయిందని కబురు వచ్చింది. నిప్పు పెట్టకుండానే ఊళ్లోకి నడిచాను.

ఆమె నాకు చుట్టం కాదు. మా రెండిళ్లకూ నడుమ గోడ ఒకటే. ఇంటి పనికి ఆమె ఏనాడూ కూలివాళ్లను పిలవలేదు. గోడ మెత్తడం, గడప చెక్క మార్చడం, గొళ్లెం బిగించడం అన్నీ తన చేత్తోనే. గాసునూనె డబ్బా కత్తిరించి మిద్దె నీళ్లకు రేకు తూము చేసింది మా ఊళ్లో మొదట ఆమే. ఎండాకాలం వస్తే సుత్తెనూ పారనూ పిడి మునిగేలా నీళ్ల తొట్టిలో నిలబెట్టేది. పిడి బిగుస్తుందని నాకు తెలుసు. ఆమె మాత్రం, "కట్టెకు గూడ దాహమైతది కొడుకా" అనేది.

ఆమె గురించి ఎప్పుడు తలుచుకున్నా నాకు ఆ మిద్దె పని గుర్తుకొస్తుంది.

పెద్దనాయన, అంటే ఆమె పెనిమిటి, ఒక చలికాలం చివర పోయాడు. నక్షత్రం చెడ్డదన్నారు. చెడ్డ నక్షత్రంలో ఇంట్లో మనిషి పోతే ఆరు నెలలు ఇల్లు విడవాలి. తలుపుకు ముళ్లకంప వేశారు. పెద్దమ్మ ఎదురుగా ఉన్న పశువుల కొట్టంలోకి మారింది. సామానంతా లోపలే ఉండిపోయింది.

మాది మట్టి మిద్దెల ఊరు. వానలకు ముందు మిద్దె మీద చౌడు మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి గట్టిపరచకపోతే నీళ్లు దిగుతాయి. ఆరు నెలలు పూర్తయ్యేసరికి సగం వానాకాలం గడిచిపోతుంది. ఆ ఇల్లు కూలితే పిల్లలు లేని ఆమెకు అన్న ఇల్లే దిక్కు. అక్కడ వదినె చేతి కూడు తినాలి. జాగా మరిది కిందికి పోతుంది.

మరిది వచ్చి మంచి మాటలే చెప్పాడు. "నీకెందుకు వదినా ఈ పరేషాన్? పాడుబడ్డ కొంప. మీ అన్న దగ్గర సల్లగ కూసోరాదు?"

"లోపలికి పోవద్దన్నరు. మీదికెక్కొద్దని ఎవలన్నరు?" అంది ఆమె.

"ఆడిదానివి, మిద్దెలెక్కుతవా?"

"నువ్వెక్కు మరి. నిచ్చెన నేను వట్టుకుంట."

అతను వెళ్లిపోయాడు. ఆమె గద్వాల సంతకు నడిచిపోయి, అడుగున ఇనుప పలక వేసిన కొత్త దిమ్మిస భుజాన వేసుకుని వచ్చింది. పాతది కంప వేసిన ఇంట్లో ఉంది కదా.

నేను మా మిద్దె మీదుగా చౌడు గంపలు అందించాను. చెమ్మ చల్లుతూ ఆమె దిమ్మిస కొట్టడం మొదలుపెట్టింది. మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. కొంతసేపటికి నాకు అనుమానం వచ్చింది. ఆమె దెబ్బ పడ్డాక, కింది నుంచి ఇంకో దెబ్బ వినిపిస్తోంది. గోడలకు తగిలి తిరిగి వచ్చే చప్పుడనుకున్నాను. ఆమె చెమట తుడుచుకోవడానికి ఆగింది. కింద దెబ్బలు ఆగలేదు.

నేను గంప కింద పెట్టేశాను. "పెద్దమ్మా, దిగుదం పా" అన్నాను.

ఆమె గవాచి దగ్గరికి వెళ్లింది. వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన రంధ్రం అది. దాని మీది మూకుడు తీసి లోపలికి వంగి, "ఇదో, నిన్నే. గా నడిమి దూలం కింద నిలవడకు. మన్ను రాలుతది" అంది. మూకుడు మళ్లీ మూసి నా వైపు చూసి, "ఏం జూస్తున్నవ్? చౌడు ఆరిపోతది, అందియ్యి" అంది.

చప్పుడు ఆగింది. పొద్దు గూకేలోపు పని ముగించాం.

ఆ ఏడు గట్టు ఊరి వైపు ఎన్నో మిద్దెలు కూలాయి. ఆమెది కూలలేదు. ఆరు నెలలయ్యాక శాంతి చేయించి, ముళ్లకంప తీసి తలుపు తెరిచినప్పుడు నేనూ ఉన్నాను. తలుపు మూలన ఉండే పాత దిమ్మిస నడిమింట్లోకి వచ్చి నిలబడి ఉంది. ఎప్పుడూ గుంటలు గుంటలుగా ఉండే నేల, కొట్టి చదును చేసినట్టు గట్టిగా ఉంది. మరిది గడప దగ్గరే ఆగిపోయాడు.

పెద్దమ్మ కాలితో నేలను తట్టి చూసింది. "బతికున్నన్ని రోజులు చేస్త, చేస్త అన్నడు" అంది. చీపురు అందుకుంది.

ఆ తర్వాత మరిది ఆ ఇంటి ఊసు ఎత్తలేదు. ఆమె ఆ నేల మీదే వండుకుంది, పడుకుంది. ఒక్కోసారి ఉత్త గదిలోకి చూసి "జర జరుగు" అనేది. మేము అడగడం మానేశాం.

ఈ మధ్య ఆమె చెల్లెలి బిడ్డ కాన్పుకు వచ్చి ఆ ఇంట్లోనే ఉంది. పాప పుట్టి పక్షం కాలేదు. పెద్దమ్మకు నాలుగు రోజుల కింద పట్టిన జ్వరం తగ్గలేదు. శుక్రవారం పొద్దున, "ఇయ్యాల నక్షత్రమేందో పంతులునడిగి రమ్మను" అందట. మా ఇంట్లోవాళ్లే అడిగి వచ్చారు. చెడ్డదే.

మిగతాది ఆ పిల్ల చెప్పింది. పెద్దమ్మ గోడ పట్టుకుని లేచిందట.

"ఏడికి పెద్దమ్మా? నిలవడనీకె వస్తలేదు నీకు."

"నేనీడ పోతే నువ్వు పసిదాన్ని ఏసుకోని వానల ఏడ పంటవు? నేనే కొట్టంల పంట."

గడప దగ్గర ఆగి, నడిమింటి వైపు తిరిగి, "ఇంగ నువ్వు గూడ రా. బాలింత ఉన్న ఇల్లు" అందట. పక్కకు జరిగి, ఒక మనిషి దాటిపోయేంతసేపు నిలబడిందట. ఆ తర్వాతే తాను గడప దాటింది.

పెద్దమ్మ శుక్రవారం పొద్దు మళ్లాక ఇల్లు విడిచింది. దీపాలు పెట్టే వేళకు కొట్టంలో పోయింది. బాలింత, బిడ్డ ఇంట్లోనే ఉన్నారు.