చాలయ్య చేతిలో డబ్బా

హనుమయ్య ముప్ఫై ఏళ్లు గోడల మీద ప్రకటనలు రాశాడు. సబ్బులు, సిమెంటు, ఎరువులు, ఏది రాయమంటే అది. సూర్యాపేట చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని గోడ లేదు. ఒక లివర్ టానిక్ గురించి ఎర్రటి అక్షరాలతో సొంత ఇంటి గోడ మీదే రాశాడు మహానుభావుడు! భార్య నాగమణికి కామెర్లు వస్తే ఆసుపత్రికి పోకుండా ఆ సీసాలే తాగింది. మొగుడు రాసింది అబద్ధమవుతుందా అని ఆమె ధీమా. నెల తిరక్కుండానే పోయింది.

ఆ తర్వాత ఆయన బ్రష్ ముట్టలేదు. పన్నెండేళ్లకి, అమెరికాలో, పార్సిప్పనీలోని కూతురింట్లో ఆరు నెలలుందామని వస్తే, హైస్కూల్లో చదివే మనవరాలు ఇషా చేతిలో పెన్సిల్ పెట్టింది. పగలంతా ఒంటరిగా కూర్చుని చేసేదేముంది? గీశాడు. లుంగీ ఎగ్గట్టి, తలగుడ్డ చుట్టి, సున్నం బకెట్‌తో ఆకాశంలో ఎగిరే వీరుడు. పేరు చాలయ్య. ప్రకటన కనపడితే చాలు, దిగి "చాలు!" అని సున్నం కొట్టేస్తాడు. షాపుల్లో జనం కార్ట్‌లు వదిలేసి, ఇంతకీ ఎందుకొచ్చామా అని తెల్లమొహాలేసుకుని ఇంటికి పోతారు. ఇషా ఆ బొమ్మల్ని కంప్యూటర్‌లో కదిలిస్తే ఆరు నిమిషాల సినిమా అయింది. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు. హనుమయ్య నవ్వలేదు. నాగమణికి చెప్పుకోవలసిన క్షమాపణ అది. చూసినవాళ్లలో ఒక్కరైనా కొనేముందు ఆగితే తన పాపం కాస్త తగ్గుతుందని ఆయన ఆశ.

తెలుగు సంఘం వాళ్లు తమ సభలో వేస్తామన్నారు. ఇషా ఆన్‌లైన్‌లో ఏదో ఫారం నింపింది. ఆదివారం మధ్యాహ్నం హాల్లో లైట్లు ఆర్పారు, తెర మీద చాలయ్య దిగాడు. చేతిలో బకెట్ లేదు, పసుపురంగు డబ్బా ఉంది. "ఇక మాత్రలు చాలు! షుగర్‌కి ఈ పొడి ఒక్కటే!" అంటున్నాడు.

హనుమయ్య పక్కనున్న ఇషా వైపు తిరిగాడు. "ఏందమ్మా ఇది?"

"సర్‌ప్రైజ్ తాతా! ఈ పొడి కంపెనీ వాళ్లే స్పాన్సర్, వాళ్లకి నీ క్యారెక్టర్ చాలా నచ్చింది. యాడ్‌లో యూజ్ చేస్తామన్నారు, నేను ఓకే చెప్పాను. యూ ఆర్ ఫేమస్ నౌ!" పిల్ల మొహం వెలిగిపోతోంది. దాన్ని ఏమని తిట్టాలి?

స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పారు. మైకు చేతికొచ్చింది. "నేను గోడ మీద రాసిన మందు తాగి నా పెండ్లాం సచ్చిపోయింది. మీకు దండం పెడత, ఈ పొడి కొనకుర్రి" అన్నాడు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ఇంకేముంది, హాలంతా చప్పట్లు! తాతగారు చాలయ్య వేషం కట్టారనుకున్నారు ఆ పెద్దమనుషులంతా. యాంకరమ్మ మైకు లాక్కుని, పొడి స్టాల్ లాబీలో ఉందండోయ్ అని మరీ చెప్పింది. ఛీ, ఏం జనం!

హనుమయ్య లాబీకి పరుగెత్తాడు. లైన్లో సగం మంది ఆయనలాగే పిల్లల దగ్గరికి వచ్చిన ముసలివాళ్లు. అప్పుడే కొని వస్తున్న ఒకామె చేతిలోని డబ్బా గట్టిగా పట్టుకున్నాడు.

"ఆట కాదు చెల్లె. నిజంగనే నా పెండ్లాం పోయింది. ఇది వాపస్ ఇచ్చి డాక్టర్ తానికి పో."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. నమ్మింది.

"నిజమేనండీ అన్నయ్యగారూ. కానీ తెచ్చుకున్న మాత్రలు పోయినవారమే అయిపోయాయి. ఇక్కడ నాకు ఇన్సూరెన్స్ లేదు. డాక్టర్‌కి చూపించమని అబ్బాయిని ఏ మొహం పెట్టుకుని అడగను? ఇండియా వెళ్లేదాకా ఏదో ఒకటి వేసుకోవాలి కదా. ఏం వేసుకోమంటారో మీరే చెప్పండి."

చాలయ్యకి బకెట్ పట్టుకుని ఎగరడం తేలికే, హనుమయ్య ఈ మనిషికి రేపు పొద్దున వేసుకోవడానికి ఒక్క మాత్ర ఇవ్వలేడు.

"కళ్లజోడు కార్‌లో ఉండిపోయింది. రోజుకి ఎన్ని చెంచాలో కాస్త చూసి చెప్పండి" అంది ఆమె.

ఆయన డబ్బా తిప్పి, దాని మీద తను గీసిన చాలయ్య బొమ్మ కింద ఉన్న అక్షరాలు చదివి చెప్పాడు. పొద్దున రెండు, రాత్రి రెండు.