వాలుగ దవడ

వీసా గడువు ఇంకా పదకొండు రోజులుందనగా నేను రెండు టికెట్లు తీశాను, బ్యాంకాక్ మీదుగా విశాఖపట్నానికి. లావోస్‌లో మెకాంగ్ నది ఒడ్డున ఒక నేతపల్లెలో, మేం అద్దెకున్న మేడ గదిలో కూర్చుని ఫోన్లో తీశాను. కిందికి దిగి మా ఆవిడకు చెప్పాను. చాప మీద కూర్చుని పత్తి విప్పుతోంది. తలెత్తలేదు.

"రెండెందుకు తీసినావు బావ? నీకొకటి తీసుకుంటే సరిపోను," అంది.

ఆవిడ మా మేనమామ కూతురు. పెళ్లయి ముప్పై నాలుగేళ్లు. నేను పెట్టిన ప్రయాణానికి రాననడం అదే మొదటిసారి. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

అసలు దేశాలు తిరుగుదామన్నది నేను. విజయనగరంలో ఒక దినపత్రిక డెస్కులో జీవితమంతా గడిపి రిటైరయ్యాను. ఎక్కడెక్కడి వార్తలో దిద్దాను గానీ కోరాపుట్ దాటి వెళ్లింది తక్కువ. ఆరు నెలలు, మూడు దేశాలు అనుకున్నాం: శ్రీలంక, వియత్నాం, లావోస్. గజపతినగరంలో ఇంటికి తాళం వేసి, చెవి ఎదురింటి కిరాణా కొట్లో ఇచ్చి బయల్దేరాం. అప్పుడు ఆవిడ "నాను అక్కడికొచ్చి ఏటి సేస్తాను" అని గొణుగుతూనే వచ్చింది. ఐదో నెలకి ఇద్దరం తారుమారయ్యాం. నాకు పొద్దున్నే కాగితం మీద తెలుగు అక్షరం చూడాలనిపించేది. రాయగడ రోడ్డు మీది టీ కొట్లో పాత విలేకరులతో కూర్చుని, ఎవరి వార్త ఎవరు కోసేశారో మాట్లాడుకోవాలనిపించేది. ఆవిడకు మాత్రం ఇల్లు గుర్తొస్తున్నట్టే లేదు. వియత్నాం బస్సుల్లో పక్క సీటువాళ్ల బుట్టలో ఏముందో కూడా అడిగి తెలుసుకునేది, భాష రాకుండానే.

బయల్దేరిన రోజు విశాఖ విమానాశ్రయంలో సెక్యూరిటీవాళ్లు ఆవిడ చేతి సంచి పక్కన పెట్టి, గుడ్డలో చుట్టిన ఒక ఎముకను బయటికి తీశారు. జానెడుకు తక్కువ. అంచున సూదుల్లాంటి సన్నపళ్లు వరసలు వరసలుగా ఉన్నాయి. "ఇదేంటమ్మా?" అన్నాడతను. "వాలుగ సేప దవడ. పత్తి దువ్వుకునేది," అంది. అతను నావైపు చూశాడు. నేను ఆవిడవైపు చూశాను. మా అత్తది, పొందూరులో వడికేటప్పటిది, జ్ఞాపకంగా పెట్టుకుందేమో అనుకున్నాను. అతను నవ్వి వదిలేశాడు. నేనూ ఇంకేమీ అడగలేదు.

నేతపల్లెలో మాకు గది ఇచ్చినామె మా ఆవిడ కంటే నాలుగైదేళ్లు పెద్ద. మొగుడు పోయాడు. ఇంటి కింద స్తంభాల మధ్య మగ్గం పెట్టుకుని నేస్తుంది. మా ఆవిడ రెండో రోజే, మా వైపు అక్కను పిలిచినట్టు, "అప్పా" అని పిలవడం మొదలెట్టింది. ఆమె పలికింది. మూడో రోజు అప్ప గోనెసంచి నిండా గింజపత్తి తెచ్చి కుమ్మరించింది. మా ఆవిడ ఒక గుప్పెడు తీసి వెలుగుకు పట్టి చూసి, మేడెక్కి ఆ గుడ్డమూట తెచ్చింది. గింజ తీయకుండానే పత్తిని దవడ పళ్ల మీద దువ్వింది. ఆకు చెత్త, పొట్టి పీచు రాలిపోయి, పోగులన్నీ ఒకవైపుకు తిరిగి పట్టుకుచ్చులా మెరిశాయి. అప్ప మగ్గం ఆపి వచ్చి కూర్చుంది.

ఆ వారమంతా గింజ తీయడం, ఏకడం, వడకడం. పెళ్లికి ముందు వదిలేసిన పని ఆవిడ చేతుల్లోకి తిరిగొచ్చింది. నూలు మొదట తెగింది, తర్వాత తెగలేదు. నేను పక్కన కూర్చుని నాకు తెలిసింది చెప్పబోయాను.

"నేను రాసేవాణ్ని గదా ఏటా. చేప ముల్లుతో దూది ఏకడం గురించి."

"రాసినావు. ప్రతి ఆగస్టు పదిహేనుకీ రాసినావు. తప్పే రాసినావు," అంది రాట్నం ఆపకుండా. "ముల్లు కాదు, దవడ. దాంతో ఏకరు, దువ్వుతారు. ఏకడం ఎనకాతల. తరతరాలుగా ఒకే ముల్లు అని ఇంకోటి రాసినావు. పళ్లరిగిపోతే పారేసి కొత్తది తెచ్చుకుంటాం."

"మరి చెప్పలేదేం ఇన్నేళ్లూ?"

"అడిగినావేటి?"

డెస్కులో కొత్తవాళ్లకు నేను మొదట నేర్పింది అదే: తెలియనిది అడగండి, తెలిసినదనుకున్నది ఇంకోసారి అడగండి. పొందూరు ఖద్దరు ఐటమ్‌కి మాత్రం పాత కాపీ తీసి తేదీ మార్చేవాణ్ని. దాన్ని చదివే మనిషి మా వంటింట్లోనే ఉంది. అప్ప మా మొహాలు చూసి ఏమనుకుందో, నాకో అరటిపండు ఇచ్చింది.

టికెట్లు తీసింది దీని తర్వాతే. ఇంకొన్నాళ్లు ఆగితే మా ఆవిడ రాదని భయం పట్టుకుంది. నేను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అదే కారణం. "వీసా పెంచుతారంట, అప్ప సెప్పింది, ఇంకో రెండు నెల్లు ఉండొచ్చు. ఆ తర్వాత సూద్దాం," అంది ఆవిడ, టికెట్ల మాట విన్నాక. ఇంటికెళ్లి నేనొక్కణ్నీ తాళం తీయడం ఊహించుకోలేకపోయాను. అలాగని ఇక్కడ కూర్చుని ఏం చేయాలో తెలియలేదు. నాలుగు రోజులు అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. అన్నం ఉందా, నీళ్లు ఉన్నాయా, అంతే.

నాలుగో రోజు పొద్దున్న నేను ఫోన్లో టికెట్లు చూసుకుంటూ, గదిలోంచి వసారాలోకి నడుస్తున్నాను. కిటికీ దగ్గర చాప మీద దవడ ఉంది. ఎడమ మడమ పూర్తిగా దాని మీద పడింది. పళ్లు కాల్లో దిగాయి. పట్టు తప్పి బరువంతా వేశాను. రెండు ముక్కలైంది.

మా ఆవిడ పరుగున వచ్చింది. చాప మీద నెత్తురు ఉంది. ఆవిడ ముందు దవడ తీసింది. ముక్కలు రెండూ కలిపి చూసి, పళ్లు ఊడిన చోట వేలుతో తడిమి, తర్వాత నా కాలు వైపు చూసింది.

"తెలిసే తొక్కినావా బావ?"

"లేదే. చూసుకోలేదు."

"రోజూ అక్కడే ఉంటాది. ఇన్నాళ్లూ దాటుకునే ఎల్లినావు."

చూసుకోలేదన్నది నిజం. పగిలిందని తెలిసిన క్షణంలో నా మనసు తేలికపడిందన్నదీ నిజం. కాలు మండుతుండగా తేలికపడింది.

ఆవిడ పసుపు పెట్టి కట్టు కట్టింది. మర్నాడు అప్ప తన వెదురు దువ్వెన ఇచ్చి చూసింది. పోగు చిక్కుపడింది. సాయంత్రం మా ఆవిడ నా దగ్గరికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"అది నేకుండా నానిక్కడ ఏటి సేస్తాను. ఎల్దాం. నీ టికెట్టు వేస్టవదు."

అనుకున్నది జరిగింది. నేను సరే అన్నాను. ఆవిడ సంచి సర్దడం మొదలెట్టింది. చీరలన్నీ ఒకే కొలతకు మడతపెట్టడం ఆవిడకు అలవాటు. ఆ రోజు ఎలా పడితే అలా కుక్కింది.

ఆ మర్నాడు ఉదయం, కుంటుకుంటూ నది ఒడ్డు బజారుకు వెళ్లాను కూరలకు. చేపలమ్మే వరసలో అరిటాకు మీద పెద్ద చేప ఒకటి పడుకోబెట్టారు. పొలుసు లేని వెండి ఒళ్లు, రెండు పొడవాటి మీసాలు, చెవుల దాకా చీరినట్టున్న నోరు. వంశధారలో పడేదాన్ని శ్రీముఖలింగం సంతలో ఎన్నిసార్లు చూశానో. ఆగి వంగాను. అమ్మే మనిషి నేను కొంటాననుకుని నోరు తెరిచి చూపించింది. సన్నని పళ్లు, వరసలు వరసలుగా.

వాలుగ.

ఇక్కడ దొరుకుతుందన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. మా ఆవిడ చేపల వరసలోకి రాదు, వాసన పడదు. అప్ప ఎప్పుడూ ఆ దవడను చేపదని అనుకోలేదేమో. చూసినవాణ్ని నేనొక్కణ్నే. నిలబడి చూస్తుండగా ఆమె కత్తి తీసి తల వేరు చేసింది. నేను చింతాకులాంటి కూరాకు రెండు కట్టలు కొనుక్కుని ఇంటికొచ్చేశాను.

"ఏటి తెచ్చినావు?" అంది మా ఆవిడ.

"ఆకుకూర," అన్నాను.

ఆ రోజు అన్నం సహించలేదు. పాతికేళ్లు వార్త ఆపుకోమని ఒత్తిడి చేసినవాళ్లను చూశాను. వాళ్ల ముందు కాస్త గట్టిగానే నిలబడ్డాననుకునేవాణ్ని. ఈ వార్త ఆపమని ఎవరూ అడగలేదు. ఆవిడ రెండుసార్లు "కాలు సలుపుతోందా" అని అడిగింది. అవునన్నాను.

మర్నాడు తెల్లారగానే బజారుకు పోయాను. వాలుగ లేదు. ఇంకేవో చేపలున్నాయి. నిన్నటి మనిషికి చేతులు చాపి కొలత చూపించాను, మీసాలు చూపించాను. ఆమె నవ్వి, రేపు అన్నట్టు ఆకాశం కేసి చెయ్యి తిప్పింది. వీసాకు మిగిలింది నాలుగు రోజులు, విమానానికి మూడు. రేపు కూడా పడకపోతే నేను చెప్పనక్కర్లేదు కదా అన్న ఆలోచన దారిలో వచ్చింది. ఇల్లు చేరేలోగా, పడినా చెప్పనక్కర్లేదు కదా అనే దాకా సాగింది. గుమ్మంలో మా ఆవిడ అప్పకు పగిలిన ముక్కలు ఇచ్చేస్తోంది. దాచుకోమని సైగ చేస్తోంది.

మూడో రోజు చేప ఉంది. తలకాయ కొన్నాను. ఆకులో చుట్టించి, చొక్కా మీద నీళ్లు కారుతుండగా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

విప్పింది. వాసనకు మొహం తిప్పుకోలేదు. వేలు నోట్లో పెట్టి పళ్లు తడిమింది.

"ఇక్కడ దొరుకుతాదా?"

"దొరుకుతుంది."

"ఎప్పుడు సూసినావు?"

ఇప్పుడే అంటే సరిపోయేది. "మొన్న," అన్నాను.

మగ్గం చప్పుడు ఆగింది. అప్పకు భాష తెలియకపోయినా ఏదో అర్థమైంది, నెమ్మదిగా లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

"మొన్న సూసి ఇయ్యాల సెప్తన్నావు."

"అవును."

"మజ్జిలో నిన్న కూడా ఉన్నాది."

"ఉంది. నిన్న వెళ్లాను. దొరకలేదు."

"దొరికుంటే సెప్పుదువా?"

"తెలీదు," అన్నాను. అది కూడా నిజమే.

ఆవిడ లేచి కత్తి తెచ్చింది. దవడలు రెండూ విడదీసి, మాంసం గీకి, బూడిద రాసి, పెరట్లో ఎండకు పెట్టింది. కాకులు రాకుండా బుట్ట బోర్లించింది. చేతులు కడుక్కుని వచ్చి అంది, "నువ్వెల్లు బావ. నీకిక్కడ పొద్దుపోదు, నాకు తెలుసు. నాను రెండు నెల్లుంటాను. కోపంతో కాదు. కోపం ఉన్నాది, అది ఏరు."

మర్నాడు వీసా ఆఫీసుకి వెళ్లాం. ఫారం నేనే నింపాను, అన్ని దేశాలకీ నేనే నింపాను కదా. వృత్తి అన్న గడి దగ్గర కలం ఆగింది. ఇంతవరకూ అక్కడ అడక్కుండానే గృహిణి అని రాసేవాణ్ని.

"ఇక్కడ ఏం రాయమంటావు?"

ఆవిడ కాగితం మీదికి వంగి చూసింది. "నూలు వడుకుతాదని రాయి. తప్పుల్లేకుండా రాయి."

నేను గురువారం ఒక్కణ్నే వచ్చేశాను. పక్క సీటు ఖాళీగా వచ్చింది. కిరాణా కొట్టాయన తాళం చెవి ఇస్తూ, "అమ్మగారేరీ?" అన్నాడు. "పని మీద ఉండిపోయింది," అన్నాను. అలాంటి మాట ఆవిడ గురించి నేనెప్పుడూ అనలేదు, ఆయనా ఎప్పుడూ వినలేదు.

ఇది రాసేనాటికి రెండు నెలలు కావడానికి పది రోజులుంది. టికెట్టు తీయమంటావా అని అడుగుతుంటాను. చూద్దాం అంటుంది. టీ కొట్లో విలేకరుల కబుర్లు అరగంటలో అయిపోతున్నాయి. పేపరు పావుగంటలో అయిపోతోంది. మొన్న ఆదివారం ఫోన్ చేసి, "పొందూరులో అక్క దగ్గర అమ్మ రాట్నం ఉన్నాది. తెచ్చి ఉంచు," అంది. ఎందుకని నేను అడిగేలోగా అప్ప పిలిచిందని పెట్టేసింది.

పొందూరు వెళ్లాను. మా వదిన అటక మీంచి రాట్నం దింపించి, దుమ్ము తుడుస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటి మరిదీ, దాన్ని ఆ దేశంలో ఒగ్గేసి వచ్చినావంట. వస్తాదా, రాదా?"

"రాట్నం తెచ్చి ఉంచమంది వదినా."

"ఇక్కడ ఉంచమందా, అక్కడికి తెమ్మందా?"

"అది అడగలేదు."

"ఏటి అడిగినావు గనక ఎప్పుడైనా," అని, రాట్నం చక్రం ఊడకుండా తాడుతో కట్టి బస్సు దాకా వచ్చింది.

ఇంటికొచ్చాక ఫోన్ చేసి, ఇక్కడ ఉంచాలా, అక్కడికి తేవాలా అని అడిగాను. అవతల రాట్నం తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. అది ఆగింది.

"టీవీ గదిలో ఎట్టకు. ఎల్తురు సాలదు," అంది.

మా ఇంట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలుతురు ఉండే చోటు ఒక్కటే, దక్షిణం కిటికీ. అక్కడ నా రాతబల్ల ఉంది. బల్లను వసారాలోకి ఈడ్చి, రాట్నాన్ని కిటికీ కింద పెట్టి, ఫొటో తీసి పంపాను.

"ఇంకాస్త ఎడంపక్కకి," అని జవాబొచ్చింది. జరిపాను.