రామ్‌కిషన్ పిడికిలి

జహీరాబాద్ బస్టాండు నుంచి ట్రాక్టర్ల ఫ్యాక్టరీ గేటు దాకా ఎవరినైనా అడగండి, రామ్‌కిషన్ చెయ్యి ఎంత బరువో చెప్తారు. కొందరు చెంప తడుముకుని మరీ చెప్తారు. పైగా చివర్లో, "మనిషి మాత్రం మంచోడు" అని ఒక మాట తగిలిస్తారు. వింటే ఒళ్లు మండదూ? అంత మంచివాడైతే సైకిల్ స్టాండు ముసలాయన పన్ను దానంతట అదే రాలిందా?

ఫ్యాక్టరీలో అతనిది చక్రాలు బిగించే పని. పొద్దంతా బిగించి బిగించి, బయటికొచ్చాక కూడా పిడికిలి వదులయ్యేది కాదు. ఎవడో భుజం తగిలించినా, ఎవడో నవ్వినా చాలు, ముందు చెయ్యి లేచేది, తర్వాత బుద్ధి వచ్చేది. రెండేళ్ల కింద ఒక సాయంత్రం, కూరలో ఉప్పెక్కువైందన్న ముష్టి కారణానికి, ఆ చెయ్యి భార్య కృప మీదికీ లేచింది. ఎడమ కనుబొమ్మ చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి.

దవాఖానలో కృప మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది. ఇంటికొచ్చి, కట్టు కట్టిన కంటితోనే అతని ఎదురుగా కూచుంది.

"డాక్టరమ్మకు అబద్ధం చెప్పిన. ఇంక చెప్ప. ఇగ విను. నన్నే గాదు, ఎవన్నైనా సరే, ఇంకొక్కపారి కొట్టి మెటికలు చిట్లగొట్టుకొని ఇంటికొచ్చినవనుకో, ఆ పూటే రాయికోడ్ పోత. మా అన్న ఇంట్ల ఉంట. మల్ల రాను."

ఆమె అన్నదంటే చేస్తుంది. ఆ సంగతి అతనికి తెలుసు. ఆనాటి నుంచి అతను గుమ్మం తొక్కగానే కృప ముందు చేతులే చూసేది. మొహం తర్వాత. రోజూ ఆ చూపు కింద చేతులు చాపి నిలబడటం ఎంత సిగ్గో, అంత భయం కూడా.

పరుగు నేర్పింది షరీఫ్. హైవే పక్కన పంక్చర్ల దుకాణం అతనిది, చిన్ననాటి దోస్తు. "కోపమొస్తే కొట్టకు భాయ్, ఉరుకు" అన్నాడు. తెల్లారగట్ల ఇద్దరూ హైవే అంచున పది కిలోమీటర్లు పరుగెత్తేవారు. రెండేళ్లు ఎవరి మీదా చెయ్యి పడలేదు. పడబోయింది మాత్రం ఈ వానాకాలంలోనే. బైకు మీద పోయేవాడొకడు వెనకనుంచి నెత్తి మీద ఒక్కటి చరిచి నవ్వుకుంటూ పోయాడు. రామ్‌కిషన్ వాణ్ని అర కిలోమీటరు తరిమి, స్పీడ్ బ్రేకర్ దగ్గర గల్లా పట్టుకున్నాడు. షరీఫ్ రొప్పుతూ వచ్చి చేతికి వేలాడకపోతే ఆ కుర్రాడి ముక్కు ఉండేది కాదు.

"రోడ్డు మీద నీకు రోజొక్కడు దొరుకుతడు" అని తిట్టాడు షరీఫ్. "జనవరిల మొగుడంపల్లి అవతల గుట్టల్ల ఉరుకుడు పందెమున్నది. ఇరవై కిలోమీటర్లు, అంతా రాళ్లబాట. ఇద్దరి పేర్లు రాపిస్త. గుట్టల్ల ఎవన్ని కొడ్తవో నేనూ చూస్త."

గుట్టల్లో కొట్టడానికి ఎవరూ లేని మాట నిజమే. కానీ గుట్ట ఊరుకుంటుందా? సాధనకు పోయిన మొదటి రోజే కొట్టింది. ఎదురొచ్చే లారీల కోసం దూరంగా చూసే అలవాటు రామ్‌కిషన్‌ది, కాళ్ల కింద ఏముందో చూడడు. మూడో కిలోమీటరులో, ఎర్రగరుసు దిగుడులో బొటనవేలు రాయికి తగిలింది. బిగించిన పిడికిళ్లు బిగించినట్టే ముందుకు పడ్డాడు. లేచి చూసుకుంటే రెండు చేతుల మెటికలూ చిట్లి రక్తం కారుతున్నాయి.

ఈ చేతులతో ఇంటికి ఎలా పోవడం? మోకాలి నొప్పి కూడా తెలియలేదు.

ఇంటికి రాగానే కృప అతని చేతులు చూసింది. మంచం కింది నుంచి సంచి లాగి చీరలు సర్దడం మొదలుపెట్టింది.

"పడ్డనే! నీ మీదొట్టు, పడ్డ!"

"పడితే అరచేతులు చెక్కుకపోతయ్. మెటికలెట్ల చిట్లుతయ్? నన్ను గింత పిచ్చిదాన్ని జేసినవా?"

షరీఫ్ పరుగున వచ్చి, తన కళ్లముందే పడ్డాడని ఖుదా మీద ఒట్టేసి చెప్పాడు. కృప చాలాసేపు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. సర్దిన సంచిని మాత్రం విప్పలేదు, తలుపు వెనక పెట్టింది.

"షరీఫన్న మాట మీద ఆగుతున్న. మల్లోపారి మెటికలు గిట్ల కనిపిస్తే ఎవల మాటా ఇన."

ఇక అతనికి కొత్త భయం పట్టుకుంది. కొట్టకపోయినా సరే, ఇంకోసారి అలా పడితే కాపురం పోతుంది. పందెం మానేద్దామా అనుకున్నాడు. మానేస్తే మళ్లీ హైవే, మళ్లీ బైకుల వాళ్లు.

దారి చూపించింది చెన్నమ్మ. ఆ గుట్టల్లో మేకలు మేపే మనిషి, అరవై దాటాయి, కాళ్లకు చెప్పులుండవు. ఒకరోజు అతను దిగుడులో అడుగడుక్కీ మడమలు తన్నిపెట్టి, బిగుసుకుపోయి దిగుతుంటే రాతి మీద కూచుని పకపకా నవ్వింది.

"ఏందిరా కొడుకా, పిడికిలి బట్టి దిగుతున్నవ్? ఎవన్ని గుద్దనీకి పోతున్నవ్?"

"ఎవన్నీ గాదవ్వా, ఉరుకుతున్న."

"గట్ల ఉరుకుతే మూతి పగుల్తది. చెయ్యి ఇప్పు! వేళ్లిప్పు! చెయ్యి బిగబడితే మోకాలు బిగుస్తది. ఇట్ల చూడు."

అని ఆ ముసలమ్మ రెండు చేతులూ బార్లా చాపి, తప్పిపోయిన మేక వెనక ఆ రాళ్ల మీద జలజలా దిగిపోయింది. రామ్‌కిషన్ నోరు తెరిచి చూశాడు.

చెప్పినంత తేలికా అది? నలభై రోజులు తన్నులాటే. పదకొండు సార్లు పడ్డాడు. కుక్క పిక్క పట్టుకుంది. తనకు తగిలిన రాయిని కోపంతో తిరిగి తన్ని గోరు ఊడగొట్టుకున్నాడు, వెధవ కోపం. పైనుంచి చెన్నమ్మ కేక, "చెయ్యి ఇప్పురా!" అని. పడ్డప్పుడల్లా అరచేతులు ఆన్చడం నేర్చుకున్నాడు. ఇంట్లో కృప అతని చేతులు తిప్పి చూసేది. సంచి తలుపు వెనకే ఉండేది.

పందెం ఇంకా పది రోజులుందనగా, ఆదివారం తెల్లవారుజామున షరీఫ్‌కు జ్వరమొస్తే ఒక్కడే వెళ్లాడు. నుదుటికి లైటు, వీపుకు నీళ్ల సంచి, దాన్నుంచి భుజం మీదుగా వేలాడే, నీళ్లు పీల్చుకునే నల్ల పైపు. చెరకు తోట గట్టు మీదుగా గుట్ట వైపు పరుగెత్తాడు. గుట్ట కింది ఊళ్లో ఆ నెలలోనే మూడుసార్లు దొంగలు బోరు మోటర్ల వైర్లు కోసుకుపోయారు. ముగ్గురు రైతులు కర్రలు పట్టుకుని కాపు కాశారు. అతనికి ఆ సంగతి ఏం తెలుసు?

"వైరు మెడకేసుకొని ఉరుకుతుండు, పట్టురా దొంగ నా కొడుకును!"

మొదటి కర్ర భుజం మీద పడింది. రెండోది నుదుటి మీద. లైటు పగిలింది, కళ్లలోకి రక్తం దిగింది. "నేను దొంగను గాదు, గది నీళ్ల పైపు" అంటున్నాడు. వినేదెవరు? కడుపులో తన్నారు. పక్కటెముక కలుక్కుమంది. అంతే, రెండేళ్లుగా అణచిపెట్టిందంతా ఒక్కసారి లేచింది. కర్ర లాక్కున్నాడు, విసిరికొట్టాడు. ముగ్గురిలో చిన్నవాణ్ని గట్టు మీద పడేసి రొమ్ము మీద కూచున్నాడు. పిడికిలి చెవి దాకా లేచింది.

తెల్లారే మసక వెలుగులో వాడి మొహంలో భయం చూశాడు. ఆ భయం అతనికి కొత్తది కాదు. ఉప్పెక్కువైన రోజు కృప కళ్లలో చూసిందే. తలుపు వెనక సంచి గుర్తొచ్చింది. చెన్నమ్మ కేక చెవిలో వినిపించింది.

చెయ్యి విప్పాడు.

విప్పిన పుణ్యానికి వెనకనుంచి వీపు మీద ఇంకో కర్ర పడింది. నొప్పికి కేకపెట్టాడు, ఏడుపొచ్చింది, అయినా తిరగబడలేదు. లేచి గుట్ట ఎక్కి, అవతలి దిగుడు పట్టి పరుగెత్తాడు, చేతులు రెండూ బార్లా చాపి. వెనక రాళ్లు వచ్చి పడుతున్నాయి. రెండుసార్లు పడి, రెండుసార్లూ అరచేతుల మీద ఆగి, మళ్లీ లేచాడు. నాలుగో మలుపు దాటేసరికి వెనక అడుగుల చప్పుడు లేదు.

ఇంటికొచ్చేసరికి పొద్దెక్కింది. కృప తలుపు తీసింది. అతని మొహం నిండా రక్తం, ఒక కన్ను మూసుకుపోయింది. అయినా ఆమె ముందు అతని చేతులే చూసింది. రెండూ పట్టుకుని బోర్లా తిప్పింది. మెటికలు ఒక్కటీ చిట్లలేదు. వెల్లకిలా తిప్పింది. అరచేతుల్లో చర్మం లేదు, ఎర్రగరుసు గుచ్చుకుని ఉంది.

"ఎంతమంది?"

"ముగ్గురు. వైర్ల దొంగననుకున్నరు."

"ఒక్కన్నిగూడ కొట్టలే?"

"చెయ్యి లేసింది. కొట్టలే."

కృప అప్పుడు అతని మొహం చూసింది. చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. అతణ్ని గడప మీద కూచోబెట్టి, తలుపు వెనక సంచి ముందుకు లాగి, ముడి విప్పి, పైనున్న పాత నూలు చీర తీసి పర్రున చింపింది.

"దవాఖానకు పోదాం పద. ఈపారి ఉన్నదున్నట్టు చెప్త" అంది, అరచేతికి కట్టు చుడుతూ. "పందానికి ఎన్ని దినాలున్నయ్?"

"పది."

"అరచేతులే గద. మానుతయ్."

సంచిలో మిగిలిన చీరలు ఆ సాయంత్రం బీరువాలోకి చేరాయి.