సచికో గారి నీలి తొట్టిలో పెరుగు

మొన్న ఆదివారం ఫ్రిజ్‌లో వెనక మూలన మరిచిపోయిన ఇడ్లీ పిండి డబ్బా మూత తీశాను. తీసిన మరుక్షణం వంటింట్లో స్మోక్ అలారం ముక్కు మూసుకుంది. వీధి చివర ఎవరో తిప్పుతున్న కుక్క మా ఇంటివైపు తిరిగి భక్తిగా నిలబడిపోయింది. మా ఆవిడ లలిత చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏవండీ, ఇది పిండా, సచికో గారి గ్యారేజీయా?" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వయిపోయాక కూడా నేను ఆ మూత వెంటనే పెట్టలేకపోయాను. సచికో గారు పోయి రెండు శీతాకాలాలు గడిచాయి. పులిసిన వాసన ఏది తగిలినా ఆవిడ గ్యారేజీ తలుపు పైకి లేస్తున్నట్టే ఉంటుంది నాకు.

రెడ్‌మండ్‌లో మా పక్క టౌన్‌హోమ్ ఆవిడది. డెబ్బై ఆరేళ్ళ జపాను మనిషి. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు, అందులో నాలుగడుగులు పట్టుదలే. కారు ఉండవలసిన గ్యారేజీలో మగ్గం ఉండేది, కారు బయట వానలో ఉండేది. మా ఊళ్ళో వాన ఏడాదికి పద్నాలుగు నెలలు కురుస్తుంది కాబట్టి ఆ కారు మీద నాచు పెరిగి, దూరం నుంచి చూస్తే చిన్న కొండలా కనిపించేది. ఆవిడకు అదేం పట్టేది కాదు. మగ్గం మీద స్కార్ఫులు నేసేది. నూలుకు రంగులన్నీ వేళ్ళ నుంచి, బెరళ్ళ నుంచి, ఆకుల నుంచే తీసేది. అది వాళ్ళ అమ్మ నేర్పిన విద్య.

మా పరిచయానికి మూలం ఉల్లిపాయ తొక్క. ఒక సాయంత్రం తలుపు తట్టి, "మీ ఇంట్లోంచి రోజూ ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తోంది," అంది. కంప్లైంట్ అనుకున్నాను. ఆఫీసులో ఇరవై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు కదా, తప్పు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌దని, ఆ ఫ్యాన్ పెట్టిన బిల్డర్‌దని, చివరికి గాలి వీచే దిక్కుదని నిరూపించేశాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "తొక్కలు పారేస్తారా? నాకివ్వండి," అంది.

మా ఇంట్లో ఉల్లిపాయలు బస్తాల లెక్కన దిగుతాయి. పది రోజుల్లో ఆవిడ గుమ్మంలో తొక్కల హిమాలయం లేచింది. మరో వారానికి ఆవిడ ఒక నూలు చిలప, అంటే చుట్టిన దారపు కట్ట, తెచ్చి నా చేతిలో పెట్టింది. పండిన బంగినపల్లి రంగు.

"ఇది మీ సాంబారు, రావ్ సాన్," అంది.

సాన్ అంటే మన 'గారు'. 'హే రావ్' తప్ప మరో పిలుపు ఎరగని నా ఆఫీసు బతుకులో నన్ను 'గారు' అన్న మొదటి మనిషి ఆవిడే. ఆ ఒక్క మాటకు లొంగిపోయి ప్రతి శనివారం ఆ గ్యారేజీలో చిలపలు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మాట్లాడిందంతా ఇంగ్లీషే. నా జ్ఞాపకంలో మాత్రం చక్కటి తెలుగే వినిపిస్తుంది.

మగ్గం పక్కన మూత పెట్టిన తొట్టి ఒకటి ఉండేది, పెళ్ళిభోజనాల సాంబారు గిన్నెంత. అందులో నీలిమందు ఆకు, బూడిద తేట, తవుడు కలిసి పులుస్తుండేవి. తెల్ల చిలపను అందులో ముంచి తీస్తే ఆకుపచ్చగా వచ్చేది. గాలి తగిలిన కొద్దీ, మనం చూస్తుండగానే, ఆ పచ్చ నీలంగా మారేది. మొదటిసారి చూసినప్పుడు నేను చెప్పులు విడిచి నిలబడ్డానని లలిత ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అబద్ధం. ఒక్క చెప్పే విడిచాను.

అప్పటికే ఆ నీలం అడుగంటుతోంది. జపానులో ఆవిడకు ఆకు మాగబెట్టి పంపే ముసలాయన పని మానేశాడు. ఆ తొట్టిలో ఉన్నదే ఆఖరుది. దానితో ఒకే ఒక స్కార్ఫు నేయాలని ఆవిడ కోరిక. స్పోకేన్‌లో ఉన్న అక్కకు వసంతంలో ఎనభై నిండుతాయి. చిన్నప్పుడు అమ్మ కట్టుకున్న నీలమే అక్క మెడలో వేయాలి. ఈలోగా చేతి బొటనవేలికి ఆపరేషన్ వచ్చి పడింది. వారం రోజులు అక్క దగ్గర ఉండాలని గ్యారేజీ తాళం నా చేతిలో పెట్టింది.

"రోజుకోసారి కర్రతో మెల్లగా కలపండి. హీటర్ ఆపకండి. ఇంకేమీ చేయకండి, రావ్ సాన్."

అన్నిటికన్నా కష్టమైన పని అదేనని అప్పుడు నాకు తెలియదు. మూడు రోజులు కలిపాను. నాలుగోరోజు నురగ తగ్గింది. నురగను వాళ్ళు పువ్వు అంటారట. పువ్వు వాడుతుంటే తెలుగువాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడా? పులవడమంటే ఏమిటో నాకు తెలియదా? చలిదేశంలో పదిహేనేళ్ళుగా ఇడ్లీ పిండిని రజాయి కప్పి పొంగించిన వంశం మాది. వెళ్ళి రెండు పెద్ద డబ్బాల పెరుగు కవ్వంతో గిలకొట్టి అందులో పోశాను. తోడు పెట్టాను. పైన రజాయి కప్పాను.

మర్నాడు పువ్వు లేదు. పాత దారం ముక్క ముంచి తీస్తే అంట్లు తోమిన నీళ్ళ రంగు. లలిత తొంగి చూసి, "అయ్యో, మజ్జిగ పులుసు చేశారు కదండీ!" అంది.

హీటర్ ఫెయిలయిందని చెప్పవచ్చు. రెడ్‌మండ్ చలి మీద నెట్టవచ్చు. ఆ ఉదయం నా బుర్రలో ఎనిమిది రకాల ఈమెయిళ్ళు తయారయ్యాయి. తొమ్మిదోది కాస్త అందంగా కూడా వచ్చింది. లలిత ఒకే మాట అంది: "మీరు ఏం పోశారో తెలియకపోతే ఆవిడ దాన్ని ఎలా బతికిస్తుందండీ?"

ఫోన్ చేశాను. వాతావరణం గురించి నాలుగు నిమిషాలు మాట్లాడాను.

"రావ్ సాన్," అంది ఆవిడ. "ఏం వేశారు?"

"పెరుగు."

"ఎంత?"

"రెండు డబ్బాలు. పెద్దవి."

అటువైపు కాగితం మీద పెన్సిల్ రాస్తున్న చప్పుడు. అది ఆగేలోగా నేను రెండుసార్లు ముసలివాణ్ణయ్యాను. అప్పుడు "రేపు వస్తాను. సున్నం కావాలి," అంది.

మర్నాడు అక్క కూతురి కారులో చేతికట్టుతో దిగింది. కుర్చీలో కూర్చుని, "ఈ రోజు మీరు నా చేతులు," అంది. వాళ్ళ తొట్టికి పులుపు పనికిరాదట, అది సున్నంతో, బూడిదతో బతుకుతుందట. ఒక చెంచా సున్నం వేయించింది. కలపమంది. వాసన చూడమంది.

"ఇంకో చెంచా వేయనా?"

"కూర్చోండి."

కూర్చున్నాను. అలా మూడు రోజులు. ఏమీ చేయకుండా కూర్చోవడం నా ఉద్యోగ జీవితంలో ఎన్నోసార్లు చేశాను కానీ, శ్రద్ధగా చేయడం అదే మొదటిసారి. గంటకొకసారి చెంచా, ఆ తర్వాత వాసన, ఆ తర్వాత మళ్ళీ కుర్చీ. ఆ మూడు రోజుల్లో ఆవిడ నన్ను ఒక్కసారి కూడా 'ఎందుకు' అని అడగలేదు. నాలుగోరోజు ఉదయం తొట్టి మధ్యలో గోరింటాకు చుక్కంత నురగ తేలింది. నేను కేకేస్తే పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచారు.

తొట్టి పూర్తిగా కోలుకోలేదు. మూడుసార్లు ముంచితే రావలసిన రంగుకు పదహారుసార్లు ముంచాం, అయినా లేతగానే ఆగింది. ఆవిడ చిలపను వెలుతురులో చాలాసేపు చూసింది. ఓదార్పు మాట కోసం నేను ఎదురుచూశాను.

"ఇది అమ్మ నీలం కాదు," అంది. చిలపను నా చేతికిస్తూ, "కానీ నీలమే. రేపు మగ్గం ఎక్కిద్దాం," అంది.

స్కార్ఫు వసంతంలో స్పోకేన్ చేరింది. అక్కగారు దాన్ని మెడకు చుట్టుకుని ఫోన్‌లో నాతో మాట్లాడింది. "చెల్లెలు అంతా చెప్పింది. పెరుగు వాసన రావడం లేదు," అంది. అక్కాచెల్లెళ్ళు అటువైపు నవ్వుతూనే ఉన్నారు.

పోయిన నెల మా అమ్మాయి నిత్య, చేతికి లైసెన్సొచ్చి ఇంకా పది రోజులైనా కాలేదు, గుమ్మంలో తెల్లబోయిన మొహంతో నిలబడింది. "నాన్నా, డోంట్ గెట్ మ్యాడ్, ఓకే? కారు... గోడకి కొట్టేశా." మూడు తరాల ఉపన్యాసం నా గొంతు దాకా వచ్చింది. బ్రహ్మాండమైన ఉపన్యాసం. సామెతలు కూడా కుదిరాయి.

"ఎక్కడ తగిలింది?" అన్నాను.

"వెనక బంపర్."

"ఎంత?"

రెండు చేతులూ చాపి చూపించింది. తర్వాత కాస్త ఆలోచించి, చేతులు ఇంకొంచెం దూరం జరిపింది. నిజం చెబుతోందన్నమాట. నేను బూట్లు వేసుకుని, "పద, రిపేరు షాపుకి. నువ్వే డ్రైవ్ చెయ్యి," అని పక్క సీట్లో కూర్చున్నాను. దారంతా ఏమీ అనలేదు. నా కాళ్ళ కింద లేని బ్రేకును మాత్రం ఓ నలభైసార్లు తొక్కాను.