సాగిన కొక్కెం

డెబ్బైల చివర్లో నేను ఢిల్లీలో ఒక మ్యూజియంలో నగల గురించి చెప్పేదాన్ని. అక్కడ మధ్యయుగపు అరబ్బుల బంగారు లోలాకు ఉండేది, ఒంటిది. నెలవంకలో ఎదురెదురుగా రెండు పిట్టలు. అవి శుభానికి గుర్తని అందరికీ చెప్పేదాన్ని.

ఒక సాయంత్రం జనక్‌పురిలో బస్సు దిగుతుంటే ఎవడో నా లోలాకు పట్టి గుంజాడు. తమ్మె చీలి మెడంతా నెత్తురైంది. వాడి చేతిలోంచి జారిపడ్డ లోలాకు కొక్కెం సాగి తిన్నగా అయిపోయింది.

"రోనా మత్ దీదీ, సోనా తో మిల్ గయా," అన్నాడు కండక్టర్. ఏడవొద్దట, బంగారం దొరికిందట! వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది.

చెవికి కట్టుతోనే డ్యూటీకి వెళ్లాను. అద్దాల పెట్టెలోని లోలాకు కొక్కెం కూడా అచ్చం అలాగే సాగి ఉంది.

"ఈ పిట్టలకు అర్థమేమిటి మేడమ్?" అని ఒకాయన అడిగాడు.

కట్టు విప్పి, "ముందు ఆ కొక్కెం చూడండి," అన్నాను.