మాణిక్యం ఆడపిల్ల పేరే

మా అవ్వ పేరు మాణిక్యం. మదురై దగ్గర మా తెలుగు ఇళ్ళలో అది ఆడపిల్లల పేరు. వీధి దాటి తమిళంలోకి వెళితే మగవాళ్ళ పేరు. అవ్వ టమాటాలు వేసుకుని ఒట్టన్‌చత్రం మార్కెట్‌కు పోతే చిన్నప్పుడు నేనూ వెంట వెళ్ళేదాన్ని. మండీ ఆయన "మాణిక్యం అణ్ణన్ ఎంగే?" అంటూ ఆ అన్న ఎక్కడని కేకేసి మగవాళ్ళ గుంపు వైపు చూసేవాడు. అవ్వ కొంగు దోపుకుని, "నేనే" అంటూ కాటా దగ్గరికి నడిచేది. ఆయన తెల్లబోయినా పట్టించుకునేది కాదు.

నాకు కూతురు పుట్టేనాటికి అవ్వ లేదు. నేను సింగానల్లూరులో, అత్తగారింట్లో ఉన్నాను. ఒకరోజు అత్త ఊయల ఊపుతూ, పేరేం అనుకున్నావని అడిగింది. చెప్పాను.

"అది ఆంబళ పేరు గదమ్మా. స్కూల్లో మగపిల్లోడనుకుంటారు."

"మా అవ్వ పేరు అత్తా."

"అయితే వెనక వల్లి చేర్చు. మాణిక్కవల్లి. అందంగా ఉండాది."

ఆడపడుచు ఫోన్‌లోంచి తలెత్తింది. "రూబీ అని పెట్టు వదినా. అదే రాయి గదా. స్టైలా ఉంటాది."

రాయి అదే, నిజమే. ముత్యమంటే తెలుపు గుర్తొస్తుంది, నీలమంటే జోస్యులు భయపెడతారు. మాణిక్యమంటే నాకు అవ్వ తండ్రి గుర్తొస్తాడు. మెట్టచేల రైతు. ఆ రాయిని ఆయన కంటితో చూసి ఉండడు. కొనలేని దాన్ని కూతురికి పేరుగా పెట్టి, రోజూ చేను గట్టు మీంచి నోరారా పిలుచుకున్నాడు. దానికి వల్లి తగిలించడానికి నాకు మనసు ఒప్పలేదు.

తుడియలూరు పంపుల వర్క్‌షాప్ నుంచి వచ్చిన నా భర్త అంతా విని, "అడిగేవాళ్ళకు నువ్వే జవాబు చెప్పుకోవాల" అన్నాడు.

"చెప్పుకుంటాను."

పేరు పెట్టే రోజు, బిడ్డ చెవిలో చెప్పబోతూ అత్త నా వైపు చూసింది. నేను మెత్తబడలేదు. ఆమె నిట్టూర్చి, వంగి, ఉత్త మాణిక్యమనే చెప్పింది.

బడిలో చేరగానే పేరు చూసి పిల్లను మగపిల్లల వరుసలో నిలబెట్టారు. మర్నాడు నేను వెళ్ళాను. టీచర్ చిన్నమ్మాయి, నొచ్చుకుంది. "పేరేమైనా మారుస్తారా మేడమ్?" అని తమిళంలో అడిగింది.

"మార్చం. మీకే అలవాటవుతుంది" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

మూడో తరగతిలో ఒకసారి పిల్ల ఏడుస్తూ వచ్చి, వేరే పేరు కావాలంది. "పెద్దయ్యాక నీ ఇష్టం. అప్పటిదాకా ఇదే" అన్నాను. ఆ రాత్రి అది వెళ్ళి నాయనమ్మ పక్కన పడుకుంది.

ఇప్పుడు ఏడో తరగతి. ఈ ఏడాది అదే పేరున్న అబ్బాయి ఒకడు వాళ్ళ క్లాసులో చేరాడు. పిలిస్తే ఇద్దరూ లేస్తున్నారని, మా పిల్ల పేరుకు ముందు ఇనిషియల్ కలిపి పిలుస్తానందట టీచర్.

"నేను ముందునించి ఇక్కడే ఉండాను మిస్. ఇనిషియల్ వాడికి పెట్టండి" అందట మా పిల్ల.

వాడికే పెట్టారు.