కొండ కప్పు వదిలి కిందికి పోయిన ఊటగుడ

మా చిన్నప్పుడు... పక్క ఊరు ఊటగుడ వాళ్ళతో ఫుట్‌బాల్ ఆడకుండా, చైత్రంలో వచ్చే మా ఇటుకల పండగ ముగిసేది కాదు. ఇప్పుడు వాళ్ళు మాతో ఆడటం మానేసి ఏళ్ళు గడిచాయి. ఎందుకు మానేశారంటే ఒక్కరూ సరిగ్గా చెప్పరు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు... చల్లారదు కూడా.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. రాతలో తప్పులుంటే సర్దుకోండి. మాటలో తప్పు లేదు.

మాది అరకు దగ్గర జీలుగుపుట్టు. మధ్యలో పారే గెడ్డకి ఇవతల మేము, అవతల ఊటగుడ. కొండలు తొలిచి రైలుదారి వేస్తున్న రోజుల్లో, ఆ పనికి వచ్చినవాళ్ళు సాయంత్రాలు బంతి తన్నుకునేవారు. పని అయిపోయి వెళ్తూ పాత తోలు బంతి ఒకటి మా పెద్దలకు ఇచ్చి పోయారు. రెండూళ్ళకీ ఒకటే బంతి... ఎవరి దగ్గర ఉండాలి?

మా నాయన ఒక కట్టుబాటు పెట్టాడు. ఆటలో ఓడిన ఊరే బంతి పట్టుకెళ్ళాలి. మళ్ళీ పండగ దాకా అది వాళ్ళదే. గెలిచినవాళ్ళకి ఆట వచ్చు కదా... నేర్చుకోవాల్సింది ఓడినవాళ్ళు.

దాంతో గెలిచిన ఊరి పిల్లలు ఏడాదంతా గడ్డి చుట్టిన ఉండ తన్నుకునేవారు. ఓడినవాళ్ళు అసలు బంతితో ఆడి ఆడి ముదిరిపోయేవారు. అందుకే ఏ ఊరూ వరసగా గెలిచేది కాదు.

లేసు తెగితే అడ్డాకు తీగ నారతో కుట్టేవాళ్ళం. వాన నీళ్ళు తాగిందంటే బంతి గుమ్మడికాయలా బరువెక్కేది... తలతో కొడితే మెడ జివ్వుమనేది.

మా అమ్మ పుట్టిల్లు ఊటగుడ. ఆట రోజు ఎవరి వైపు కూర్చోవాలో తేలక గట్టు మధ్యలో కూర్చునేది. ఎవరు గోలు కొట్టినా తిట్టేది...

గోలు దగ్గర నిలబడేవాణ్ణి నేనే. అటు నుంచి తన్నేవాడు సోమన్న, నా మేనమామ కొడుకు. ఒక పండగనాడు చోళ్ళు కోసేసిన మడిలో ఆడుతున్నాం. సోమన్న గట్టిగా తన్నాడు. నేను పొట్టతో ఆపాను. ఊపిరాడక బంతి మీదే బోర్లా పడ్డాను. సోమన్న వచ్చి నా నెత్తి దగ్గర నిలబడ్డాడు.

"సచ్చినావేటి బావా?"

"బంతేది?"

"నీ పొట్ట కిందే ఉంది. అట్టా ఎట్టుకుని తొంగో. ఈ ఏడు గడ్డుండే తన్నుకుందురు గాని."

ఆ రోజు మేమే గెలిచాం. బంతి చంకన పెట్టుకుని సోమన్న నవ్వుకుంటూ పోయాడు... ఓడినవాడు నవ్వుకుంటూ ఇంటికెళ్ళే ఆట నేను మరెక్కడా చూడలేదు. గెలిచిన మేము ఆ బంతినే చూస్తూ గెడ్డ దాకా వాళ్ళ వెనకాల నడిచాం.

తర్వాత చుట్టుపక్కల ఊళ్ళూ కలిశాయి. కొండ కప్పు అని పేరు పెట్టుకున్నాం. బంతులు అరిగాయి, కొత్తవి వచ్చాయి. కట్టుబాటు మాత్రం మారలేదు. అందరికంటే వెనకబడిన ఊరికే బంతి.

అప్పుడు సాలూరు అవతల, కింద మైదానంలో పెద్ద కప్పు మొదలైంది. ఊటగుడలో కాలేజీకి పోయే కుర్రాళ్ళు బాగా ఆడుతున్నారని తెలిసి పిలిచారు. జెర్సీలు, బూట్లు, రానూపోనూ బండి ఇస్తామన్నారు. ఆట ఫోన్లో లైవ్ వస్తుందన్నారు. ఒకటే షరతు... కింద ఆడే జట్టు పైన ఆడకూడదు.

ఊటగుడ పోయింది. పెద్ద జట్టు లేని కప్పులో మనకేం పేరొస్తుందని ఇంకో ఊరు పోయింది. వాళ్ళు పోయారని మరో ఊరు. జెర్సీ కోసం పోయింది మొదటి ఊరొక్కటే. తతిమ్మావాళ్ళు వెనక మిగిలిపోతామన్న భయంతో పోయారు. ఆఖరికి మేమొక్కళ్ళం మిగిలాం. ఎవరితో ఆడాలి...

సోమన్న ఇప్పుడు ఊటగుడ పెద్ద. కిందటేడు సంతలో కనబడితే నిలదీశాను.

"మాతో ఆట ఎందుకు మానేసినారు బావా?"

"కుర్రగుంటల ఇష్టం బావా. కిందైతే నలుగురు సూత్తారు. ఉజ్జోగాలొత్తాయంతన్నారు."

"వచ్చిందేటి ఎవుడికైనా?"

"రాలేదు. వత్తాది."

"ఓడితే బంతి ఇత్తారేటి అక్కడ?"

"ఓడితే బండెక్కి వచ్చీడమే."

"నువ్వెల్లి సూసినావా?"

"ఫోన్లో సూసినాను. మావోడెవుడో పోల్చుకోనేకపోనాను. అందరిదీ ఒకటే సొక్కా."

ఆ మాట అనేసి పసుపు బేరంలో పడ్డాడు. నేనడిగినదానికి అదా జవాబు?

ఇప్పుడు మా కుర్రాళ్ళకీ కింద నుంచి పిలుపొచ్చింది. "తాతా, మనమూ పేరిచ్చేద్దుము. ఇక్కడుండి ఎవులతో ఆడతాం?" అన్నాడు నా మనవడు. వాణ్ణి తప్పు పట్టను. అది ఆడే వయసు. కానీ మేమూ పోతే ఈ కొండ మీద ఇక ఆట లేదు. వచ్చే శుక్రవారం సంత దాకా ఆగండ్రా అని పట్టుబట్టి ఆపాను.

మా అమ్మ పొద్దున వెళ్ళి పుట్టింట్లో గంజి తాగి వంట వేళకి తిరిగొచ్చేసేది... ఆ ఊటగుడ మాకిప్పుడు సాలూరు కంటే దూరమైపోయింది.

మీ పక్క ఊరు కూడా ఇలా జట్టు విడిచిపోయి ఉంటే కింద కామెంట్లలో రాయండి. ఎందుకు పోయారో, మళ్ళీ వచ్చారో లేదో... నాకు తెలియాలి.

సోమన్న బావా, ఇది నీ కొడుకు నీకు చదివి వినిపిస్తాడని తెలుసు. ఈ ఇటుకల పండక్కి మాతో ఆడతారా, ఆడరా? కిందవాళ్ళ షరతు సంగతి నువ్వు చూసుకో. మేము మడి చదును చేసేశాం. శుక్రవారం సంత విడిపోయేలోగా నాకు జవాబు కావాలి. ఫోన్ చెయ్యొద్దు. చింతపండు అమ్మే వరసలో కూర్చుని ఉంటాను... నువ్వే వచ్చి చెప్పు.